రిక్సియా, మార్కాంషియా: లివర్‌వర్ట్‌లను గుర్తించడం, ఇంట్లో పెంచడం

వానలు కుదురుకున్నాక పాత గోడల అడుగున, కాలువ గట్ల మీద, నీడపట్టున ఉంచిన కుండీల మట్టిపైన నేలకు అతుక్కుని కనిపించే చదునైన పచ్చదనాన్ని చాలామంది నాచు అనుకుని గీకి పారేస్తారు. అందులో కొంత నాచే కావచ్చు. కానీ కొనలు రెండేసిగా చీలుతూ పాకుతున్నది కనిపిస్తే మాత్రం ఆగి పరిశీలించాలి, అది లివర్‌వర్ట్ అనే, పూలు, గింజలు లేని చిన్న మొక్క అయ్యే అవకాశం ఎక్కువ. వేరు, కాండం, ఆకు అనే తేడా లేని ఆ దేహాన్ని థాలస్ అంటారు. ప్రపంచంలోని లివర్‌వర్ట్‌లలో అధిక భాగం ఆకులవంటి భాగాలున్నవే అయినా, కొత్తగా నేర్చుకునేవారికి థాలస్ రకాలే అనువైనవి.

గుర్తించడానికి పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం చాలు. మన మైదానాల్లో తరచుగా కనిపించే రిక్సియా ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల వెడల్పున, నేలపై గుండ్రంగా పరుచుకుంటుంది. ప్రతి శాఖ మధ్యలో గాడి, కొనన చిన్న నొక్కు, అడుగున మట్టిని పట్టుకునే సన్నని మూలతంతువులు ఉంటాయి. మార్కాంషియాలో ప్రత్యుత్పత్తి భాగాలను మోసే కాడ గాని, గొడుగు గాని దీనికి రావు; సిద్ధబీజాశయాలు (గింజల బదులు ఏర్పడే సిద్ధబీజాల సంచులు) థాలస్‌లోనే పూడుకుని ఉండి, ముదిరాక గాడి వెంట నల్లటి చుక్కలుగా కనిపిస్తాయి. చల్లని, తడి కొండ ప్రాంతాలను ఇష్టపడే మార్కాంషియా ఇంతకంటే పెద్దది. దాని పైభాగాన్ని భూతద్దంతో చూస్తే చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడి నడుమ ఒక రంధ్రం తెలుస్తాయి. ఆపైన గుండ్రటి జెమ్మా కప్పులు, అంటే కొత్త మొక్కలుగా పెరిగే జెమ్మాలనే చిన్న పచ్చ బిళ్లలుండే గిన్నెలు కూడా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. అదే కప్పు నెలవంక ఆకారంలో ఉంటే అది లూన్యులేరియా అనే మరో లివర్‌వర్ట్.

పొరబడే అవకాశం ఉన్నవి మూడు. నిలువుగా కొమ్ముల్లాంటివి లేచి ఉంటే అది ఆంథోసిరాస్ అనే వేరే గుంపు మొక్క, లివర్‌వర్ట్ కాదు. పల్చగా, హృదయాకారంలో, సెంటీమీటరు కూడా లేని ఒంటరి పచ్చ రేకు ఫెర్న్ మొలక కావచ్చు. వేళ్లకు జిగురుగా తగిలి, శాఖలు లేకుండా ముద్దగా ఉండేది నాస్టాక్ అనే నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవుల గుంపు.

సేకరణకు మీ పెరడు, మీ పొలం గట్టు సరిపోతాయి. అభయారణ్యాల నుంచి తీసుకురావద్దు. బొటనవేలి గోరంత ముక్కను సెంటీమీటరు మందం మట్టితో సహా చాకుతో లేపి, మిగతాది అక్కడే వదిలేయాలి.

పెంచడానికి మూత ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అడుగున రంధ్రాలు చేయండి. జల్లించిన ఎర్రమట్టి, సన్న ఇసుక సమపాళ్లలో కలిపి, ఇడ్లీ పాత్రలో అరగంట ఆవిరి పట్టించి చల్లార్చితే అందులోని కలుపు గింజలు, పురుగుల గుడ్లు చాలావరకు నశిస్తాయి. కొబ్బరి పొట్టు కలిపేవారు ముందుగా రెండు మూడు సార్లు కడిగి ఉప్పు పోగొట్టాలి. ఎరువు వేయవద్దు: పోషకాలు ఎక్కువైతే ముందుగా లాభపడేది ఆల్గే, అది లివర్‌వర్ట్‌ను కప్పేస్తుంది.

నా దృష్టిలో ఈ పెంపకం నిలిచేదీ చెడేదీ నీటి దగ్గరే. బోరు నీటిలోని లవణాలు కొన్నాళ్లకు మట్టిపై తెల్లటి పొరగా తేలి, కొనలను మాడ్చేస్తాయి. అందుకే పట్టి ఉంచిన వాన నీరు గాని, ఆర్వో నీరు గాని వాడాలి. పైనుంచి పోయకుండా డబ్బాను నీళ్ల పళ్లెంలో ఉంచితే మట్టి తనకు కావలసినంత తడిని కింది నుంచి పీల్చుకుంటుంది. వెలుతురు బాగా రావాలి గాని నేరుగా ఎండ పడకూడదు, ఎందుకంటే మూసిన డబ్బా ఎండలో కొద్దిసేపట్లోనే వేడెక్కి లోపలి మొక్కను ఉడికిస్తుంది. బూజు కనిపిస్తే రోజూ కాసేపు మూత తీసి ఉంచండి.

మార్కాంషియాను పెంచే తేలిక మార్గం జెమ్మాలు. తడిపిన సన్నని కుంచె కొనతో కప్పులోంచి వాటిని తీసి, రెండు సెంటీమీటర్ల ఎడంతో మట్టిపై ఉంచాలి. ఏ వైపు పైకి ఉందో చూడనవసరం లేదు. జెమ్మాకు రెండు ముఖాలూ ఒకేలా ఉంటాయి, వెలుతురు తగిలే ముఖమే తరువాత పైభాగంగా స్థిరపడుతుంది. ఎంత చూసినా ఆశ్చర్యం తీరని సంగతి ఇది. ఒకే మొక్క జెమ్మాల నుంచి వచ్చినవన్నీ ఒకే లింగానికి చెందుతాయి కనుక, సిద్ధబీజాలు కావాలంటే పురుష, స్త్రీ మొక్కలు రెండూ పెంచి, గొడుగులు వచ్చాక వాటిపై నీటి చుక్కలు పడేలా చూడాలి. మార్కాంషియాకు ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉష్ణోగ్రత హితం. మన వేసవిలో దాన్ని కాపాడటం కష్టం.

రిక్సియా పద్ధతి వేరు. దాన్ని ఎప్పుడూ మూసి, తడిగా, నీడలో ఉంచితే చక్రంలా పరుచుకోక సన్నని పట్టీలుగా సాగిపోతుంది. మూత తెరిచి, మరికొంత వెలుతురు ఇచ్చి, వేసవి వస్తే నీరు ఆపేయండి. చాలా జాతుల్లో కొనలు, మట్టిలోని సిద్ధబీజాలు ఎండలను తట్టుకుని, మళ్లీ తడి తగలగానే పచ్చబడతాయి. నల్లటి చుక్కలు ముదిరిన ఒక ముక్కను ఎండబెట్టి, దొరికిన చోటు, తేదీ, నేల రకం రాసిన కాగితపు పొట్లంలో దాచండి. రిక్సియా జాతిని తేల్చేటప్పుడు సూక్ష్మదర్శిని కింద ముఖ్యంగా చూసేది సిద్ధబీజం పైపొర మీది నగిషీనే.