తొయామాలో కాపురం పెట్టబోయే మనవారికి

జపాన్‌లో ఉద్యోగం వచ్చిందనగానే కావలి, ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల యువకులు టోక్యోనే ఊహించుకుంటారు. కానీ కర్మాగారాలలోను, వృద్ధుల సంరక్షణాలయాలలోను మనుషుల కొరత ఎక్కువగా ఉన్నది చిన్న, మధ్యతరహా నగరాలలోనే. నిర్దిష్ట నైపుణ్యాలు గల కార్మికులను పంపడానికి 2021 జనవరిలో భారత్, జపాన్‌ల మధ్య సహకార ఒప్పందం కుదిరాక ఆ దారిన వచ్చేవారూ తయారవుతున్నారు. తొయామా రాష్ట్రానికీ మన ఆంధ్రప్రదేశ్‌కూ 2015లోనే పారిశ్రామిక సహకారంపై అవగాహన ఒప్పందం జరిగింది. ఆ రాష్ట్ర రాజధాని తొయామా నగరంలో జనాభా సుమారు 4 లక్షలు, అంటే నెల్లూరు కంటే చిన్న ఊరు. నాకు ఇక్కడ ఇది ఏడో శీతాకాలం.

టోక్యోలో నిషికసాయి వంటి పేటలో దిగినవారికి అడిగితే చెప్పే తెలుగువారు, పప్పులు, పచ్చళ్ళు దొరికే అంగళ్ళు ఉంటాయి. ఇక్కడ మనకు బదులు పని చేసిపెట్టేవారు ఉండరు. అయితే పనులన్నీ ఒక వరుసలో అల్లుకుని ఉంటాయి. ఒక కాగితం చేతికొస్తేనే తర్వాతి కాగితం వస్తుంది. ఆ వరుస తెలిసి నడిచినవారికి మొదటి నెల ప్రశాంతంగా గడుస్తుంది, తెలియనివారు ఒకే కార్యాలయానికి నాలుగుసార్లు తిరుగుతారు. ఈ వ్యాసం ఆ తిరుగుడు తప్పించడానికే.

అన్నింటికంటే ముందు, ఊరిలో ఉండగానే సరిచేసుకోవలసింది పేరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. చాలామంది దానిని ఒక్క అక్షరానికి కుదించి రాస్తారు. కొందరి పాస్‌పోర్టులలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. జపాన్‌లో ఇంటిపేరు లేని మనిషి అనే ఊహకు ఏ దరఖాస్తులోనూ చోటు లేదు. కాబట్టి వీసాకు ముందే పాస్‌పోర్టులో రెండు గడులూ నిండి ఉండేలా చూసుకోండి. పేరును కతకానా లిపిలో, అంటే జపాన్‌వారు విదేశీ పేర్లు రాయడానికి వాడే లిపిలో, ఎలా రాయాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి. ఆ లిపిలో ‘ల’కూ ‘ర’కూ తేడా లేదు, ‘ట’కూ ‘త’కూ లేదు, ‘వ’ను కొందరు ‘బ’గా రాస్తారు. అందువల్ల వెంకటేశ్వర్లు అనే పేరు ఒకచోట ‘బెంకతేషువరురు’ అని, మరొకచోట ఇంకో విధంగా నమోదవుతుంది. జపాన్ భాష తెలిసిన ఒకరితో ఒక్కసారి రాయించుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని, కంపెనీ, బ్యాంకు, ఫోను, ఇంటి ఒప్పందం అన్నింటిలోను అక్షరం తేడా లేకుండా అదే రాయండి. బ్యాంకులో ఒక తీరుగా, కంపెనీలో మరో తీరుగా నా పేరు నమోదైనందువల్ల నా మొదటి జీతం ఖాతాలో పడకుండా వెనక్కి వెళ్ళిపోయింది. దాన్ని సరిచేసుకోవడానికి మూడు వారాలు పట్టింది.

డ్రైవింగ్ లైసెన్సు విషయం కూడా బయలుదేరే ముందే చూసుకోవాలి. తొయామాలో ట్రాములు చక్కగా ఉన్నాయి. స్టేషనుకు ఉత్తరాన, దక్షిణాన వేర్వేరుగా నడిచిన రెండు మార్గాలను 2020లో కలిపారు కూడా. కానీ పట్టణం అంచున ఉన్న కర్మాగారానికి రాత్రి షిఫ్టుకు వెళ్ళాలంటే కారు తప్పదు. మన రవాణా కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ అనుమతి పత్రంతో ఇక్కడ దిగిన రోజు నుంచి ఒక సంవత్సరం వరకు మాత్రమే నడపవచ్చు. మధ్యలో నెల రోజులు ఊరికి వచ్చి కొత్త పత్రం తీసుకున్నంత మాత్రాన ఆ లెక్క మళ్ళీ మొదలుకాదు. కనీసం మూడు నెలలు జపాన్ బయట ఉండి తిరిగి వస్తేనే అది చెల్లుతుంది. జపాన్ లైసెన్సుగా మార్చుకోవాలంటే, మన లైసెన్సు పొందిన తర్వాత మన దేశంలో మొత్తం మూడు నెలలైనా ఉన్నట్టు పాస్‌పోర్టు ముద్రల ద్వారా చూపాలి. కనుక ప్రయాణానికి పదిహేను రోజుల ముందు లైసెన్సు తీసుకునే తొందరపాటు పనికిరాదు. 2025 అక్టోబరు నుంచి ఈ మార్పిడి పరీక్షను కఠినం చేశారు. 50 ప్రశ్నలలో 45కు సరైన జవాబులు రాయాలి, ఆ తర్వాత నడిపి చూపించాలి. మనలాగే ఇక్కడా రోడ్డుకు ఎడమవైపే నడుపుతారు, అది మనకు కలిసివచ్చేది.

పెట్టె సర్దేటప్పుడు ఉలవపాడు మామిడి పండ్లు పెట్టవద్దు. పండ్ల ఈగ భయంతో తాజా పండ్లను విమానాశ్రయంలోనే తీసేస్తారు. మాంసంతో చేసిన పచ్చళ్ళు, పొడులు కూడా తేకూడదు. ఉప్పులో ఊరిన ఆవకాయకు అభ్యంతరం లేదు. వైద్యుడు రాసిచ్చిన మందులు ఒక నెలకు సరిపడా తెచ్చుకోవచ్చు, అంతకు మించితే ముందుగా అనుమతి పత్రం పొందాలి. ఇక మిక్సీ గురించి. జపాన్ విద్యుత్తు 100 వోల్టులు కావడం వల్ల 230 వోల్టుల మన మిక్సీ ఇక్కడ తిరగదు. వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కోవచ్చు గానీ, గోడ సాకెట్టు మామూలుగా 1500 వాట్లకే పరిమితం కాబట్టి మిక్సీ వాట్లకు మించిన సామర్థ్యం గలదానినే ఎంచుకోవాలి. మా పొరుగింటి గోడ పలుచన. అందుకే దోసె పిండి రుబ్బే పని రాత్రి తొమ్మిది లోపలే ముగిస్తాను.

ఇక దిగిన తర్వాతి వరుస. పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయంలో దిగితే నివాస కార్డును అక్కడే చేతికిస్తారు. ఇల్లు కుదిరి అందులో చేరిన 14 రోజులలోపు నగర కార్యాలయానికి, అంటే షియాకుషోకు, వెళ్ళి చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ రోజు కార్డు వెనుక చిరునామా ముద్రిస్తారు. ఆ ముద్ర లేనిదే ఫోను నంబరు రాదు, ఫోను నంబరు లేనిదే బ్యాంకు ఖాతా తెరవడం కష్టం, ఖాతా లేనిదే జీతం రాదు. అదే రోజు జాతీయ ఆరోగ్య బీమా, పింఛను నమోదు చేయించుకోండి. కంపెనీ సామాజిక బీమాలో మిమ్మల్ని చేర్చితే ఈ రెండూ వారే చూస్తారు, చందాలో సగం కూడా వారే భరిస్తారు. తర్వాత ఇంటికి తపాలాలో 12 అంకెల వ్యక్తిగత సంఖ్య వస్తుంది. దాని కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి, ఎందుకంటే పాత ఆరోగ్య బీమా కార్డులను కొత్తగా జారీ చేయడం 2024 డిసెంబరు 2 నుంచి నిలిపివేశారు, ఇప్పుడు ఆసుపత్రిలో బీమా కార్డుగా చూపేది ఈ కార్డునే. బీమా ఉన్న పెద్దవారు ఆసుపత్రి ఖర్చులో సాధారణంగా 30 శాతమే చెల్లిస్తారు. నెల ఖర్చు ఒక పరిమితి దాటితే మిగిలినది తిరిగి వస్తుంది కాబట్టి, శస్త్రచికిత్స చేయించుకున్నప్పుడు ఆ దరఖాస్తు పెట్టడం మరవకండి.

ఇల్లు దొరకడంలో మాత్రం ఓర్పు కావాలి. నాకు రెండు ఇళ్ళ యజమానులు విదేశీయుడినని చెప్పగానే లేదన్నారు. మూడో ఇల్లు చూపిన దళారీ నా తరఫున యజమానితో గంటసేపు మాట్లాడి ఒప్పించారు, ఆయన మేలు నేను మరువను. అద్దెతో పాటు తిరిగివచ్చే ధరావతు షికికిన్, తిరిగిరాని కానుక రెయికిన్, అద్దెకు పూచీపడే హామీ సంస్థ రుసుము, దళారీ రుసుము కలిసి మొదటి చెల్లింపు నాలుగైదు నెలల అద్దెకు చేరవచ్చు. యూఆర్ అనే ప్రభుత్వ రంగ గృహ సంస్థ ఇళ్ళకు రెయికిన్, హామీ అవసరం లేదు, అయితే అవి అన్ని నగరాలలో ఉండవు. చేరిన రోజున గోడలు, నేల, కిటికీలు అన్నింటికీ తేదీతో ఫోటోలు తీసి పెట్టుకోండి. ఖాళీ చేసే రోజున ధరావతును ఆ ఫోటోలే కాపాడతాయి.

డబ్బు విషయంలో మనవారు తడబడేది రెండో ఏట. నివాస పన్నును జనవరి 1న మీరు ఉన్న నగరం గత సంవత్సరం ఆదాయంపై, దాదాపు 10 శాతంగా విధిస్తుంది. కనుక 2025 ఏప్రిల్‌లో వచ్చినవారికి 2026 జూన్ నుంచి జీతం తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి. ఊరిలో తల్లిదండ్రులను పోషిస్తున్నవారికి పన్ను మినహాయింపు ఉంది. కానీ 30 నుంచి 69 ఏళ్ళ వయసు వారికి సాధారణంగా ఒక్కొక్కరికి ఏడాదికి 3,80,000 యెన్లకు తగ్గకుండా పంపినట్టు రుజువు చూపాలి. ఇక్కడ ఒక చిన్న విషయం పెద్ద నష్టం చేస్తుంది. నాన్నగారి ఖాతాకే మొత్తం పంపితే అది నాన్నగారి లెక్కలోకే వస్తుంది, అమ్మగారి పేరున మినహాయింపు రాదు. ఇద్దరికీ వేర్వేరు ఖాతాలకు పంపండి. పింఛనుకు కట్టిన సొమ్ములో కొంత, దేశం విడిచిన రెండేళ్ళలోపు దరఖాస్తు చేస్తే ఒకేసారి తిరిగి పొందవచ్చు. అయితే 2016 అక్టోబరు నుంచి అమలులో ఉన్న భారత్–జపాన్ సామాజిక భద్రత ఒప్పందం వల్ల రెండు దేశాల చందా కాలాలను కలిపి లెక్కించుకునే వీలుంది. సొమ్ము వెనక్కి తీసుకున్నవారికి ఆ కాలం చెరిగిపోతుంది. తిరిగి జపాన్‌కు రావాలనే ఆలోచన ఏమాత్రం ఉన్నా తొందరపడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఈ ఊరిలో మనిషికి మంచి పేరు వచ్చేది, పోయేది చెత్త దగ్గర. కాలేవి, కాలనివి, ప్లాస్టిక్ పొట్లాలు, డబ్బాలు, సీసాలు, పాత కాగితాలు ఒక్కొక్కటి ఒక్కో రోజున, నిర్ణీత స్థలంలో, ఆ ఉదయమే పెట్టాలి. ముందు రాత్రి పెడితే కాకులు చింపి వీధిలో పరుస్తాయి. తప్పుగా పెట్టిన సంచికి ఒక చీటీ అంటించి అక్కడే వదిలేస్తారు. ఆ స్థలాన్ని ఊడ్చి, వల కప్పి చూసుకునేది నగరపాలక సిబ్బంది కాదు, చోనైకై అనే వీధి సంఘంలోని ఇరుగుపొరుగువారు, ఎక్కువగా వయసు మళ్ళినవారు. అందుకే నేను చెప్పేది ఒక్కటి: చేరిన వారంలోనే ఇరువైపుల ఇళ్ళకూ ఒక చిన్న తువ్వాలో, బిస్కెట్ల పెట్టెనో పట్టుకుని వెళ్ళి మీ పేరు చెప్పండి, చెత్త క్యాలెండరు అర్థం కాలేదని నోరు తెరిచి అడగండి. వీధి సంఘంలో చేరండి. ఇంటింటికీ తిరిగే ప్రకటనల అట్ట, కైరాన్‌బాన్, మీ తలుపు దగ్గరకు వచ్చినప్పుడు అదే రోజు పక్కింటికి అందించండి. మా పక్కింటి పెద్దావిడ తొలి ఆరు నెలలు ప్రతి మంగళవారం నా సంచిని చేత్తో తడిమి చూసి, తప్పు ఉంటే నవ్వుతూ వేలు చూపించేది. ఆమె వద్ద నేర్చుకున్న జపాన్ భాష ఏ తరగతిలోనూ నేర్చుకోలేదు. 1995 కోబే భూకంపం తర్వాత విదేశీయుల కోసం రూపొందిన ‘సులభ జపాన్ భాష’లో మాట్లాడమని అడిగితే, కార్యాలయాలలోనూ చిన్న చిన్న వాక్యాలలో చెబుతారు.

వంటకు సంబంధించి, పక్కనే ఉన్న ఇమిజు పట్టణంలో పాత కార్ల వ్యాపారం చేసే పాకిస్తానీయులు చాలామంది ఉన్నారు. వారి దుకాణాలలో పొడవు బియ్యం, చింతపండు, కారం దొరుకుతాయి. చేపలకు కొదవ లేదు. శీతాకాలంలో తొయామా అఖాతంలో దొరికే బురి చేప కొవ్వు పట్టి ఉంటుంది, మన చేపల పులుసుకు చక్కగా ఒదుగుతుంది. పచ్చి మామిడికాయ మాత్రం దొరకదు. వాడిన నూనెను తూములో పోయకుండా పాత కాగితాలకు పీల్చి కాలే చెత్తలో వేయాలి.

నెల్లూరు ఎండలకు అలవాటుపడినవారికి ఇక్కడి మంచు కొత్త. ఇది పొడి మంచు కాదు, తడిసి బరువెక్కిన మంచు. 2021 జనవరిలో నగరంలో మీటరుకు మించి పేరుకుని రోజుల తరబడి కదలలేకపోయాం. నవంబరు ముగిసేలోపు కారుకు మంచు టైర్లు వేయించి, పార కొనుక్కోండి. కిరోసిన్ హీటరు వెలిగించినప్పుడు గంటకోసారి కిటికీ తెరవాలి. కిటికీ అద్దాలపై కారే తేమను ప్రతి ఉదయం తుడవకపోతే జనవరికల్లా గోడకు బూజు పడుతుంది.

చివరిగా భూకంపం. మన తీరానికి తుఫాను వచ్చేటప్పుడు మూడు రోజుల ముందే రేడియోలో చెబుతారు, పడవలు ఒడ్డుకు చేరతాయి, ఇంట్లో బియ్యం, కొవ్వొత్తులు సర్దుకుంటాం. భూకంపానికి ఫోను మోగిన తర్వాత మిగిలేది కొన్ని సెకన్లే, ఒక్కోసారి అవీ ఉండవు. 2024 జనవరి 1 సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు తొయామాకు పొరుగున ఉన్న నోతో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూమి కంపించినప్పుడు, తొయామా నగరంలో జపాన్ కొలమానం ప్రకారం ‘5 బలమైనది’గా నమోదైంది. ఆ కొలమానం ఒక్కో చోట కుదుపు ఎంత ఉందో చెబుతుంది, 0 నుంచి 7 వరకు ఉంటుంది. వెంటనే సునామీ హెచ్చరిక వచ్చింది. చాలామంది కార్లు తీసుకుని బయలుదేరడంతో రోడ్లు నిండిపోయాయి. నేనూ మొదట కారు తాళాలే అందుకున్నాను. పక్కింటి పెద్దావిడ నా చేయి పట్టుకుని ‘నడు’ అని ఒక్క మాట చెప్పి, మా వీధి వారితో పాటు ఎత్తైన పాఠశాల భవనంలోకి తీసుకెళ్ళింది. చేరిన నెలలోనే నగర కార్యాలయంలో ముప్పు ఉన్న చోట్లను చూపే ప్రమాద పటం తీసుకుని, మీ ఇంటి నుంచి ఆశ్రయ స్థలానికి ఒకసారి నడిచి చూడండి. మంచం పక్కన చెప్పులు, టార్చిలైటు ఉంచండి. బీరువాలను గోడకు బిగించండి. మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున కనీసం మూడు రోజుల నీరు నిలువ చేయండి. కంపం మొదలవగానే బయటికి పరుగెత్తకుండా బల్ల కిందకు దూరి తల కాపాడుకోండి, కుదుట పడ్డాక తలుపు తెరిచి ఉంచి, పొయ్యి ఆర్పండి. మంటలకు, అంబులెన్సుకు 119, పోలీసులకు 110.

ఊరిలోని వారికి కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచాలి. జపాన్‌లో భూకంపమని టీవీలో చూడగానే అమ్మానాన్నలు, మేనమామలు, స్నేహితులు అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు, లైన్లు కలవవు, ఫోను బ్యాటరీ అయిపోతుంది. మా ఇంట్లో కుదుర్చుకున్న పద్ధతి ఇది: నేను క్షేమంగా ఉంటే కుటుంబ గుంపులో ఒకే ఒక్క మెసేజ్ పెడతాను, కావలిలో మా తమ్ముడు దానిని మిగతా బంధువులకు చేరవేస్తాడు, మరుసటి ఉదయం వరకు ఎవరూ నాకు ఫోన్ చేయరు.