కాన్సస్ గడ్డి కొండలకి ఒక పూట
కాన్సస్ సిటీ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు చాలామంది "ఇక్కడ చూడ్డానికేముంది" అంటూ ఐ-70 హైవే పట్టుకుని నేరుగా కొలరాడో వెళ్లిపోతారు. ఈసారి ఒక్క పూట ఫ్లింట్ హిల్స్ అనే ఈ గడ్డి కొండల్లో ఆగండి. స్ట్రాంగ్ సిటీ పక్కనే టాల్‌గ్రాస్ ప్రెయిరీ నేషనల్ ప్రిజర్వ్ అనే రక్షిత గడ్డి మైదానం ఉంది, ప్రవేశం ఉచితం. అక్కడ కొంచెం తవ్వితే చాలు రాయి తగులుతుంది. నాగలి దిగలేదు కాబట్టే ఆ పాత గడ్డి బతికింది. సెప్టెంబరులో వెళ్తే పల్లపు చోట్ల బిగ్ బ్లూస్టెమ్ గడ్డి మనిషి ఎత్తు దాటి, రాగి రంగుకి తిరుగుతూ ఉంటుంది. దాని కంకిని దగ్గరగా చూడండి, మూడు పాయలుగా చీలి అచ్చం కోడికాలులా ఉంటుంది! 2009లో తెచ్చి వదిలిన బైసన్ (అమెరికా అడవిదున్న) మంద మేసే చోటు గుండానే ఒక కాలిబాట వెళ్తుంది. వాటికి కనీసం వంద గజాల దూరంలో ఉండాలి, ఫొటో కోసం కూడా దగ్గరికి పోవద్దు. దారిలో చెట్టు నీడ దొరకదు, టోపీ, నీళ్లు మర్చిపోకండి. పిల్లలుంటే పొద్దు గూకేదాకా ఉండండి. ఏటవాలు ఎండలో కొండంతా గడ్డి అలలు అలలుగా కదులుతుంటే వాళ్లు ఫోన్ అడగరు.