మూడు లక్షలు తిరిగిన డీజిల్ బండి కొనొచ్చా?

"అన్నా, 2013 ఇన్నోవా ఉంది, 3 లక్షల కిలోమీటర్లు తిరిగింది, తీసుకోమంటావా?" విజయవాడలో ట్రావెల్స్ బండి తిప్పుకునే నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. నా 2.5 డీజిల్ ఇన్నోవా 4 లక్షలు దాటింది, ఇంతవరకు హెడ్, అంటే ఇంజిన్ పై భాగం, విప్పలేదు. అయినా మీటర్ ఒక్కటే చూసి కొనమనీ చెప్పను, వద్దనీ చెప్పను.

ముందు బండి ఎక్కడ తిరిగిందో అడగండి. సిటీ ట్రాఫిక్‌లో గంటకు సగటున 20 కిలోమీటర్లు పోయే బండి లక్ష తిరగాలంటే ఇంజిన్ 5,000 గంటలు ఆడాలి. హైవే మీద సగటున 60తో పోయే బండి అదే 5,000 గంటల్లో 3 లక్షలు తిరుగుతుంది. ఇద్దరి ఇంజిన్లూ ఆడింది అన్నే గంటలు. పైగా హైవే బండికి గాలి బాగా తగులుతుంది, క్లచ్ పని తక్కువ, స్టార్టింగులు తక్కువ. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే టీచర్ 1966లో కొన్న వోల్వో పి1800 మీద 2013 నాటికి 30 లక్షల మైళ్ళు, అంటే దాదాపు 48 లక్షల కిలోమీటర్లు తిరిగాడు. మధ్యలో ఇంజిన్ విప్పి చేయించాడు లెండి. కానీ రోజూ దూరం పోయి వచ్చే బండి అది.

అందుకే ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చే డీజిల్ బండి మీటర్ 80 వేలే చూపిస్తోందని సంబరపడొద్దు. ఆ 80 వేలూ ఎలాంటి ట్రాఫిక్‌లో తిరిగాయో ఆలోచించండి. అసలు ఆ 80 వేలు నిజమా అన్నది ఇంకో సంగతి. బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు లేచిపోయి ఉంటే మీటర్‌ని నమ్మకండి. సర్వీసు బిల్లులు అడగండి, వాటి మీద కిలోమీటర్లు వేసి ఉంటాయి.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్ళండి, ముందుగా స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు చూడకూడనిదేదో అప్పటికే అయిపోయిందన్నమాట, ఇంకో రోజు వస్తానని చెప్పి లేవండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి వెనక నిలబడండి. మొదట్లో కాస్త తెల్ల పొగ వచ్చి ఆగిపోతే పర్వాలేదు. వేడెక్కాక కూడా ఆగకపోతే కూలంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) సిలిండర్ లోపలికి పోతోందేమో, లేదా డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు పని పడిందేమో చూడాలి. నీలం పొగ కొడితే ఆయిల్ తింటోంది. నల్ల పొగకు మాత్రం నేను అంత భయపడను, చాలాసార్లు ఎయిర్ ఫిల్టర్, టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) పైపు, ఇంజెక్టర్లతో తేలిపోతుంది.

అసలు పరీక్ష బ్యాక్ కంప్రెషన్, అంటే సిలిండర్‌లోని గ్యాస్ పిస్టన్ పక్కనుంచి కిందికి కారుతోందా అని చూడటం. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి అదే రంధ్రం మీద ఊరికే పెట్టండి. కొంచెం ఆవిరి, కొంచెం కదలిక పాత డీజిల్‌కి మామూలే. ఇడ్లీ పాత్ర మూతలా ఎగిరెగిరి పడుతుంటే పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ గోడ) అరిగాయి. అలాంటి బండిని సగం ధరకు ఇచ్చినా ఇంజిన్ పని ఖర్చు కలుపుకునే బేరం చేయండి. మూత లోపల తెల్లటి నురగ కనిపిస్తే ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. చలికాలంలో దగ్గర దగ్గర తిరిగే బండికి కొద్దిగా ఉండొచ్చు కాబట్టి, కూలంట్ డబ్బాలో జిడ్డు ఉందా, బుడగలు వస్తున్నాయా కూడా చూసి తేల్చుకోండి. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీయాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉందని మాత్రం వద్దనకండి, డీజిల్‌లో కొత్త ఆయిల్ కూడా త్వరగా నల్లబడుతుంది.

తర్వాత అరగంట నడపండి, ఏసీ వేసి, వీలైతే ఫ్లైఓవర్ ఎక్కించి. టెంపరేచర్ ముల్లు సగం దగ్గర కదలకుండా ఉండాలి.

కొన్నాక రెండే శత్రువులు, వేడి, పాత ఆయిల్. నేను కూలంట్ తప్ప బోరు నీళ్ళు పోయను. మన వైపు ఉప్పు నీళ్ళకు రేడియేటర్ గొట్టాలు పాచి కట్టినట్టు పూడుకుపోతాయి. ఎండాకాలంలో ఏసీ వేయగానే ముల్లు లేస్తుంటే రేడియేటర్‌తో పాటు ఫ్యాన్‌ని తిప్పే కప్లింగ్ కూడా చూపించండి. ముల్లు ఎర్ర గీత దాకా పోతే, ఇంకో రెండు కిలోమీటర్లే కదా అనుకోకుండా బండి పక్కకు తీసి ఆపేయండి. హెడ్ బెండ్ అయ్యేది ఆ రెండు కిలోమీటర్లలోనే.

ఆయిల్ 10 వేలకు ముందే మార్చేస్తాను, ఫిల్టర్‌తో సహా. తిరుమల ఘాట్ ఎక్కగానే ఇంజిన్ ఆపను, ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచుతాను. టర్బో అప్పటికి బాగా కాలి ఉంటుంది, వెంటనే ఆపితే అందులో ఆయిల్ మాడుతుంది. ఇన్నోవా 2.5కి టైమింగ్ బెల్ట్ ఉంది, వాల్వులను పిస్టన్లతో లెక్క తప్పకుండా ఆడించేది అదే. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ అక్కడికక్కడే పోతుంది. నేను లక్షకొకసారి మారుస్తాను. పాత బండి కొని, బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు దొరక్కపోతే మొదటి వారమే మార్చేయండి. స్విఫ్ట్ డిజైర్ 1.3 డీజిల్‌కి బెల్ట్ కాదు, చైన్. ఆయిల్ మార్చడం ఆలస్యం చేస్తే ఆ చైన్ సాగుతుంది, స్టార్ట్ చేసినప్పుడు గలగల వినిపిస్తుంది.

ఆయిల్ మార్పుకీ మార్పుకీ మధ్య ఎంత టాపప్ చేశారో డైరీలో రాసుకోండి. అర లీటరు ఒకటిన్నర అయిందంటే, పొగ కంటికి కనపడకముందే ఇంజిన్ బోర్‌కి, అంటే విప్పి సిలిండర్లు చేయించే దశకు, వస్తోందని తెలుస్తుంది. అప్పుడు డబ్బు కూడేసుకోవడానికి కొన్ని నెలలు దొరుకుతాయి.

బోర్‌కి వచ్చాక ఆటోనగర్‌లో రెండు దారులు చెబుతారు, ఉన్న ఇంజిన్‌నే పూర్తిగా చేయించడం, లేదా సెకండ్ హ్యాండ్ ఇంజిన్ దించడం. రెండోది త్వరగా అవుతుంది. కానీ ఆర్‌సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది. వచ్చిన ఇంజిన్ ఏ బండిదో కాగితం, బిల్లు తీసుకుని ఆర్‌టీఓలో నంబరు మార్పించండి. లేకపోతే ఫిట్‌నెస్ రోజున ఇన్‌స్పెక్టర్ దగ్గర బండి ఆగిపోతుంది.