చలికాలంలో సైకిల్ టైరు మారుస్తున్నారా?
విజయనగరం నుంచి నెల్లిమర్ల వైపు రోజూ సైకిల్ మీద పనికెళ్లేవాళ్లు టైరు కొనేటప్పుడు గళ్లు ఎంత లోతుగా ఉన్నాయని కాకుండా, లోపల కెవ్లార్ లాంటి పంక్చర్ ఆపే పొర ఉందా అని అడగండి. పొద్దున్న మంచుకి రోడ్డు తడిసి ఉంటే గాజుపెంకులు టైరుకి అంటుకుంటాయి, తడి రబ్బరు ఇట్టే తెగుతుంది కూడా. డబ్బు ఒక్కదానికే ఉంటే వెనక టైరు మార్చండి, బరువు ఎక్కువగా దాని మీదే. పాత టైరు పక్కన 47-559 అని ఉంటే 47 టైరు వెడల్పు, 559 రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే; ఈ 559 కచ్చితంగా కలవాలి. బిగించే ముందు టైరు లోపల, రిమ్ము లోపల వేలితో తడిమి చూడండి. పాత టైరులో గోరంత తుమ్మముల్లు మిగిలిపోయి నాకు వారంలో రెండు ట్యూబులు పోయాయి.