ఆరిందనుకున్న నిప్పే అడవిని కాలుస్తుంది: జాతరకు ముందు జాగ్రత్తలు

శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక రోడ్డు పక్కన నేల మళ్లీ నల్లగా మాడి కనిపించింది. నల్లమల లోయలో సలేశ్వరం శివుడి జాతర జరిగే చైత్ర పౌర్ణమి దగ్గర పడుతోంది. ఇప్పపువ్వు రాలుతోంది. అడవి అంచు పొలాల్లో పత్తి కట్టె పీకి కుప్పలు వేస్తున్నారు. ఈ మూడూ కలిసి వచ్చే రోజులే అమ్రాబాద్ అడవికి గండం. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ పులుల అభయారణ్యంలో టేకు, తునికి ఆకులన్నీ ఇప్పుడు నేల మీదే ఉన్నాయి.

బీడీ ముక్క విసరకూడదని అందరికీ తెలుసు. నేను చూసినంతలో అడవిని ఎక్కువగా కాల్చింది, నిప్పు ఆరిపోయిందనుకుని ఇంటికి వెళ్లిపోయినవారే. మంట, పొగ రెండూ పోయినా బూడిద కింద కణికలు మిగులుతాయి. ఎండిన పేడ, చివికిన మొద్దు, చెట్టు తొర్ర రాత్రంతా లోలోపల కాలుతూనే ఉంటాయి. మరునాడు మధ్యాహ్నం వడగాలి లేవగానే రాజుకుంటాయి. పైన మట్టి కప్పితే చాలదు, అందులోని ఆకులూ వేర్లూ కూడా అంటుకుంటాయి. నీళ్లు పోయాలి, కట్టెతో కలియబెట్టాలి, మళ్లీ పోయాలి. ఆ తర్వాత చేతి వెనక భాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి చూడాలి. వెచ్చగా తగిలిందా, ఆరనట్టే.

పొలం ఉన్నవారికి: పత్తి కట్టె కాల్చకండి, ముక్కలు చేయించి కలియదున్నండి. సాయంత్రం అంటించి, పొద్దున చూద్దాంలే అని వెళ్లిపోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

ఇప్పపువ్వు ఏరేవారికి: చెట్టు కింద ఆకులు తగలబెట్టవద్దు. ఊడ్చి పాత చీర పరిస్తే పువ్వు శుభ్రంగా దొరుకుతుంది. చీకట్లో ఒంటరిగా వెళ్లకండి, ఎలుగుబంటి కూడా ఆ పువ్వు కోసమే వస్తుంది.

జాతరకు వెళ్లేవారికి: లోయలోకి పొయ్యి వద్దు, సద్ది కట్టుకుని వెళ్లండి. కర్పూరం వెలిగించినవారు అది ఆరేదాకా అక్కడే నిలబడాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడమే కాదు, మండుతున్న నిప్పును వదిలి వెళ్లడం కూడా నేరమే.

ఇక మిగిలినవి. మంట ఎదురైతే వాలు పైకి పరుగెత్తకండి, మంట మీకన్నా వేగంగా ఎక్కుతుంది. ఎగువ ఆకులను దాని వేడి ముందే ఎండబెట్టి పెడుతుంది. అప్పటికే కాలి చల్లారిన నేల మీదికి చేరండి. పిల్లల చేతికి అగ్గిపెట్టె ఇవ్వకండి. తునికాకు కొత్త చిగురు కోసం నిప్పు పెట్టే అలవాటు మానండి. దుప్పి పరుగెత్తి తప్పించుకుంటుంది, తాబేలు ఎక్కడికి పోతుంది? చెంచు పెంటల్లో (గిరిజన గూడేల్లో) ఉండేవారికి తేనె, గడ్డలు దొరికేది ఈ అడవిలోనే. రాత్రి 9 తర్వాత అడవి దారి మూసేస్తారు. ఆలోగా దాటలేమనిపిస్తే మన్ననూరులోనే ఆగండి, దారి పక్కన వంట మొదలుపెట్టకండి. బూడిదను చేత్తో చూడకుండా కదలకండి. ఎక్కడైనా పొగ లేస్తే ఎవరిదో పొలంలే అని దాటిపోకండి. కిలోమీటరు రాయి మీది అంకె చూసుకుని, దగ్గరి చెక్‌పోస్టులో చెప్పండి.