పాత కోక్ మిషన్ విప్పే ముందు

ఎండలు ముదరకముందే గ్యారేజీలో చల్లటి సీసాలు పెట్టుకుందామని అమెరికాలో చాలామంది 1950ల నాటి వెండో 81 లాంటి కోక్ సీసాల మిషన్లు కొంటారు. 81 గాజు సీసాలు పడతాయి, చూడటానికీ ముచ్చటగా ఉంటుంది. తీరా ప్లగ్ పెడితే చల్లబడదు. "గ్యాస్ అయిపోయినట్టుంది" అని పక్కింటాయన అంటాడు. ఆ మాట పట్టుకుని గ్యాస్ తిరిగే రాగి పైపు జోలికి మాత్రం వెళ్లకండి.

ముందు ప్లగ్ పీకేయండి. థర్మోస్టాట్ తిప్పి ఆపేస్తే చాలదు, వైర్లలో కరెంటు ఉంటుంది. నేనలాగే చెయ్యి పెడితే ఫ్యాన్ తిరిగి చూపుడువేలు తెగింది. ప్లగ్ తీసినా కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో దించి, మీటర్‌తో చూసుకున్నాకే ముట్టుకోవాలి.

వైరు ఒకచోట మెల్లగా వంచి చూడండి. పైనున్న రబ్బరు ఎండిన మట్టిలా రాలిపోతే మొత్తం మార్చాల్సిందే. అప్పటి తీగకు రెండే పిన్నులు, ఎర్త్ ఉండదు. తడి సిమెంటు నేల మీద ఉత్తకాళ్లతో నిలబడి ఆ తలుపు పట్టుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా! మూడు పిన్నుల తీగ వేసి, ఎర్త్‌ను బాడీకి బిగించి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే జీఎఫ్‌సీఐ సాకెట్‌లోనే పెట్టండి.

చాలాసార్లు అసలు జబ్బు దుమ్ము. వేడిని బయటికి వదిలే కండెన్సర్‌ని బ్రష్‌తో, వాక్యూమ్‌తో శుభ్రం చేయండి. దాని రేకులు బ్లేడులా కోస్తాయి, గ్లవ్స్ తప్పనిసరి. తలుపు రబ్బరు, ఫ్యాన్, థర్మోస్టాట్ కూడా చూడండి. లోపల ఐస్ గడ్డకడితే స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. ఫ్రీజర్‌లో చాకు దింపి గ్యాస్ పోగొట్టుకున్న ఇళ్లు మనకు కొత్త కాదు. తలుపు తెరిచి, కింద ట్రే పెట్టి, రాత్రంతా వదిలేయండి.

నిజంగా గ్యాస్ సమస్యే అయితే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) 608 సర్టిఫికెట్, అంటే ఈ గ్యాస్‌లతో పనిచేసే అర్హత, ఉన్న మెకానిక్‌ని పిలవండి. ఇందులో ఉండేది సాధారణంగా ఆర్-12 అనే చల్లబరిచే గ్యాస్. దాన్ని కావాలని గాల్లోకి వదలడం అమెరికాలో 1992 జులై నుంచి చట్టవిరుద్ధం, 1995 చివరితో తయారీ కూడా ఆగింది. గ్యాస్ ఉన్న పైపుకి టార్చ్ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. తర్వాత వచ్చిన ఆర్-134ఏ గ్యాస్ నేరుగా ఎక్కిస్తే పాత మినరల్ ఆయిల్‌తో కలవదు, కంప్రెసర్ పాడవుతుంది. ప్రొపేన్ ఎక్కిద్దామనే సలహా అసలు వినకండి: అది మండే గ్యాస్, కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే పాత రిలేలో నిప్పురవ్వలు వస్తాయి. లీకు టెస్టుకు ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటర్ పెట్టిన నైట్రోజనే వాడాలి. ఆక్సిజన్ నూనెకు తగిలితే పేలొచ్చు. 1930ల నాటి కూలర్లలో సల్ఫర్ డయాక్సైడ్ ఉండొచ్చు. కాల్చిన అగ్గిపుల్ల ఘాటు వస్తే వెంటనే బయటికి నడవండి.

బండిలో పడుకోబెట్టి తెచ్చుంటే ఒక రోజంతా నిలబెట్టి ఉంచాకే ప్లగ్ పెట్టండి. ఒకసారి ఆపితే వెంటనే వేయొద్దు. వేస్తే కంప్రెసర్ 'మ్‌మ్' అని మూలిగి, టక్కుమని ఆగిపోతుంది. ప్లగ్ తీసి, ఓ ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి.