పాత నగరాల లితోగ్రాఫులు, మూడో పాఠం: లెన్స్ కింద చుక్క

లితోగ్రాఫు అంటే రాతి మీద బొమ్మ గీసి, దాని నుంచి కాగితం మీదకు తీసిన అచ్చు. పోయిన పాఠంలో అలాంటి ప్రింట్ అడుగున ఉండే సన్న అక్షరాలు చదవడం నేర్చుకున్నాం. బొమ్మ గీసిందెవరు, రాతి మీదకు ఎక్కించిందెవరు, అచ్చు ఎక్కడ పడింది అన్నవన్నీ ఆ ఒక్క వరసలో దొరుకుతాయి. కానీ ఆ అక్షరాలను కూడా బొమ్మతోపాటే ఫొటో తీసి ఇవాళ మళ్లీ అచ్చేయొచ్చు. అందుకని అసలు ప్రింటేదో నకలేదో తేల్చడానికి ఈసారి అక్షరాలు పక్కన పెట్టి సిరా దగ్గరికే వెళ్దాం. ఈ పాఠాలన్నిటిలో ఒక్కటే చదివే తీరిక ఉంటే ఇది చదవమంటాను.

కావలసినవి రెండే: పది రెట్లు పెద్దదిగా చూపే లెన్స్ (నగల పనివాళ్లు కంటికి పెట్టుకునే రకం), ఒక చిన్న టార్చ్.

ముందు రాయి ఎలా పనిచేస్తుందో గుర్తు చేసుకుందాం. 1790ల చివర్లో అలోయిస్ సెనెఫెల్డర్ మ్యూనిక్‌లో కనిపెట్టిన పద్ధతి ఇది. బవేరియాలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాయిని ఇసుకతో రుద్ది, చేతికి తగిలీ తగలనంత గరుకు తెప్పిస్తారు. దాని మీద జిడ్డు క్రేయాన్‌తో బొమ్మను కుడిఎడమలు తిప్పి గీస్తారు. రాయిని తడిపి సిరా రోలర్ దొర్లిస్తే తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోటే అంటుతుంది. మనకు పనికొచ్చే సంగతి ఆ గరుకులోనే ఉంది. క్రేయాన్ రాతి మీది మిట్టలకే అంటుకుంటుంది, పల్లాల్లోకి దిగదు. కాబట్టి లెన్స్ కింద గీత గీతలా ఉండదు. నల్లబల్ల మీద సుద్దముక్క పక్కకు పెట్టి లాగితే పడే చారలా, చిన్నాపెద్దా చుక్కలుగా విరిగి కనిపిస్తుంది. ఏ రెండు చుక్కలూ ఒకలా ఉండవు, వరస కట్టవు.

ఇవాళ్టి ఆఫ్‌సెట్ అచ్చులో, అంటే పుస్తకాలూ క్యాలెండర్లూ మామూలుగా పడే యంత్రాల అచ్చులో, చుక్కలు వరస కడతాయి. రంగు బొమ్మయితే నాలుగు రంగుల చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా గుండ్రంగా చేరతాయి. ఆ పువ్వు కనిపించిందంటే అది 19వ శతాబ్దపు రాయి మీద పడిన అచ్చు కాదు. కాగితం ఎంత పసుపెక్కినా, ఫ్రేమ్ ఎంత పాతదైనా సరే.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కోల్‌కతాలో ఒక పాత పుస్తకాల షాపులో హుగ్లీ ఒడ్డు దృశ్యం ఫ్రేముతో సహా కొన్నాను. అద్దం తీయడానికి షాపతను ఒప్పుకోలేదు, నేనూ గట్టిగా అడగలేదు. ఇంటికొచ్చి ఫ్రేము విప్పి, ఆకాశం మీద లెన్స్ పెట్టాను. మబ్బుల నిండా పువ్వులే. ఆ రాత్రి చాలాసేపు దాని ముందే కూర్చున్నాను. అప్పటినుంచి అద్దం తీయనివ్వని ప్రింట్ కొనలేదు, మీరూ కొనకండి.

కలకత్తా మాటొచ్చింది కాబట్టి అక్కడే ఉండి ఇంకో తేడా చూద్దాం. చిత్రకారుడు జేమ్స్ బెయిలీ ఫ్రేజర్ గీసిన కలకత్తా దృశ్యాలు 1824–26 మధ్య వచ్చాయి. అదే ఊరిని గీసిన చార్లెస్ డాయ్‌లీ దృశ్యాలను 1848లో లండన్‌లో డికిన్సన్ కంపెనీ పుస్తకంగా తెచ్చింది. గోడ మీద పక్కపక్కన పెడితే రెండూ ఒకే జాతి అనిపిస్తాయి. కానీ ఫ్రేజర్‌వి అక్వాటింట్‌లు, అంటే రాగి రేకు మీద చేసినవి. రేకును తడి కాగితం మీద గట్టిగా నొక్కుతారు కాబట్టి, అంచులు కత్తిరించని ప్రింట్‌లో బొమ్మ చుట్టూ పళ్లెం నొక్కినట్టు ఒక పల్లం మిగులుతుంది. టార్చ్ పక్కనుంచి వేస్తే ఆ అంచు నీడ తేలుతుంది. డాయ్‌లీవి లితోగ్రాఫులు, వాటికి ఆ పల్లం ఉండదు.

డాయ్‌లీ విషయంలో ఒక హెచ్చరిక. ఆయన 1838లో ఇండియా వదిలి వెళ్లిపోయాడు, 1845లో చనిపోయాడు. పుస్తకం వచ్చింది 1848లో. కాబట్టి ఆ ప్రింట్‌లో కనిపించే వీధి 1848 నాటి వీధి కాదు, కనీసం పదేళ్లు పాతది. కాగితం మీది తేదీ అచ్చుది, ఊరిది కాదు. నగర దృశ్యాలు సేకరించేవాళ్లు ఈ రెండు తేదీలనూ వేర్వేరుగా రాసుకోవాలి.

ఇక రంగు. ఆ రోజుల్లో చాలా దృశ్యాలు రెండు రాళ్ల మీద పడ్డాయి. నల్ల బొమ్మకు ఒక రాయి, లేత గోధుమరంగు పూతకు ఇంకొకటి. పూత రాతి మీద తెల్లగా ఉండాల్సినచోట గోకేస్తారు. అక్కడ సిరా పడదు, అసలు కాగితమే తెలుపుగా మెరుస్తుంది. థామస్ షాటర్ బాయ్స్ 1842లో వేసిన లండన్ దృశ్యాలు దొరికితే మబ్బు అంచులు తీరిగ్గా చూడండి. తెలుపు ఎవరో పూసినట్టు ఉండదు, గోకినట్టు పదునుగా తెగి ఉంటుంది. పూత ఒకవైపు నల్ల గీతను వెంట్రుకవాసి దాటి ఉంటే కంగారుపడక్కర్లేదు. రెండు రాళ్లు అంత కచ్చితంగా కుదరడం కష్టం, అది చేతిపనికి గుర్తు.

చేత్తో వేసిన రంగు వేరుగా తెలుస్తుంది. లెన్స్ కింద దానికి చుక్కలే ఉండవు, నీళ్లు పారినట్టు పలచగా పరుచుకుని, ఆగినచోట అంచు ముదురుగా ఉంటుంది. ఆ రంగు అప్పటిదా, మొన్న ఎవరో వేసిందా అన్నది కష్టమైన ప్రశ్న. ఒక్కటి చెప్పగలను: పాత మడత దగ్గర రంగు చీలికలోకి దిగి ఉంటే, మడత పడ్డాకే రంగు వేశారన్నమాట.

ఈ వారం పని: ఇంట్లో ఉన్న పెళ్లికార్డో దేవుడి క్యాలెండరో తీసుకుని లెన్స్ పెట్టండి. పువ్వుల్లా చేరిన చుక్కలు కంటికి బాగా పట్టేదాకా చూడండి. తర్వాత అమ్మమ్మ వాళ్ల పూజగదిలో పాత రవివర్మ ప్రెస్ లక్ష్మీదేవి పటం ఉంటే, అడిగి, అద్దం తీయించి చూడండి. ఆ ప్రెస్ 1894లో బొంబాయిలో మొదలైంది. పటాలు ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున పడేవి. దేవి చెంప దగ్గర చూస్తే పువ్వులు ఉండవు. గులాబీ, పసుపు, గోధుమ రంగుల చుక్కలు చల్లిన రవ్వలా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అక్కడ కూడా పువ్వులే కనిపిస్తే అది తర్వాతెప్పుడో తీసిన నకలు. ఆ సంగతి పెద్దవాళ్లకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. పటం మాత్రం జాగ్రత్తగా మళ్లీ అద్దంలో పెట్టండి, బొమ్మ మీద వేలు పెట్టకండి.

వచ్చే పాఠంలో కాగితాన్ని వెలుగుకు ఎత్తిపట్టి నీటిగుర్తు చదువుదాం.